షూటింగ్ రేంజ్‌లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ లైవ్ బ్యాండ్ దగ్గర పనికొస్తాయా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. డాలస్‌లో ఉంటున్నారు, గ్రీన్ కార్డు వచ్చాక ఆఫీసు స్నేహితులతో షూటింగ్ మొదలుపెట్టారు. మొన్న ఒక చారిటీ క్లే షూట్‌కి, అంటే గాల్లోకి విసిరిన మట్టి బిళ్లల్ని కాల్చే ఆటకి, వెళ్లారు. పొద్దున్నంతా షాట్‌గన్, సాయంత్రం అదే మైదానంలో బార్బెక్యూ, ఆపైన లైవ్ కంట్రీ బ్యాండ్. చిన్న రంధ్రం ఉన్న ఫిల్టర్ ప్లగ్స్, మాటలు వినిపిస్తూ తుపాకీ మోతను మాత్రం ఆపేవి, పొద్దునా సాయంత్రమూ అవే పెట్టుకున్నారు. అయినా ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్‌మని హోరు, మర్నాటికీ పూర్తిగా తగ్గలేదు. ఒకే జత రెండింటికీ సరిపోతుందా, ఏవి కొనాలి, కచేరీలకు తుపాకీ వెంట తీసుకెళ్లొచ్చా అని అడిగారు.

సరిపోదు. మీరు వాడిన రకం ప్లగ్స్ బ్యాండ్ ముందు దాదాపు ఏమీ చేయవు. సంగీతం కోసం అమ్మే ప్లగ్స్ రేంజ్‌లో చాలవు. నేను టెక్సస్‌లో ఆడియాలజిస్ట్‌ని, అంటే వినికిడి పరీక్షలు, చెవి రక్షణ నా పని, చాలా ఏళ్లుగా క్లే షూటింగ్ కూడా చేస్తున్నాను. నా దగ్గరికి సంగీతకారులూ వస్తారు, షూటర్లూ వస్తారు. ఆ రెండూ అయినవాళ్లు నేను అనుకున్నదానికంటే ఎక్కువ మందే ఉన్నారు. వాళ్లలో చాలామంది రేంజ్‌లో ఎంతో జాగ్రత్తగా ఉండి, అదే రోజు సాయంత్రం స్పీకర్ల ముందు చెవులు అప్పజెప్పి నిలబడతారు. మీ ప్రశ్న చూశాక వివరంగానే రాయాలనిపించింది.

తుపాకీదీ బ్యాండ్‌దీ రెండూ పెద్ద శబ్దాలే, కానీ చెవికి తగిలే తీరు వేరు. తూటా మోత సెకనులో కొన్ని వేల వంతుల్లో పుట్టి పోతుంది. పాయింట్ టూ టూ రైఫిల్ 140 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. 12 గేజ్ షాట్‌గన్ 150 నుంచి 160 మధ్య, 9 ఎంఎం పిస్టల్ దాదాపు 160. ఏఆర్-15 లాంటి రైఫిల్‌ మూతికి మజిల్ బ్రేక్ అనే, వెనక్కి తన్నడం తగ్గించే ముక్క బిగిస్తే అంతకన్నా పైకి వెళ్తుంది, పైగా ఆ బ్రేక్ మోతను పక్కకీ వెనక్కీ నెడుతుంది కాబట్టి పక్క లేన్‌లో ఉన్నవాడికి ఇంకా కష్టం. 140 డెసిబెల్స్ పీక్ దాటిన శబ్దం రక్షణ లేని చెవిలో పడకూడదని అమెరికాలో భద్రతా ప్రమాణాలు గీత గీశాయి. అంత ఎత్తున సమయం లెక్కలోకి రాదు. ఒక్క పేలుడు చాలు, లోపలి చెవిలోని సున్నితమైన కణాలు అక్కడికక్కడే చిరిగిపోవచ్చు.

బ్యాండ్ దెబ్బ అలా ఉండదు. కచేరీలో శబ్దం 95 నుంచి 110 డెసిబెల్స్ మధ్య గంటల తరబడి సాగుతుంది. ఇక్కడ లెక్క మోతాదుది, అంటే ఎంత ఎత్తు, ఎంతసేపు అన్నది. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ నియోష్ చెప్పేదేమిటంటే 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం కావాలి. 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలు. అంటే 100 డెసిబెల్స్‌లో 3 గంటల కచేరీ మొత్తం విన్నవాడు రోజు మోతాదుకి 12 రెట్లు తీసుకున్నట్టు. ఫ్యాక్టరీల మీద చట్టబద్ధంగా అమలయ్యే, కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టిన పరిమితి ఇంతకన్నా వదులు, 90 డెసిబెల్స్‌కి 8 గంటలు, 5 డెసిబెల్స్‌కి సగం. వినికిడి కాపాడుకోవాలనుకునేవాళ్లకి నేను ఎప్పుడూ నియోష్ లెక్కే చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో కచేరీ వేదికలకు ఒక ప్రమాణం ఇచ్చింది. ఏ 15 నిమిషాల సగటు తీసుకున్నా 100 డెసిబెల్స్ దాటకూడదని, చెవి రక్షణ సాధనాలు అక్కడే దొరకాలని, కాస్త విశ్రాంతి తీసుకునేందుకు నిశ్శబ్దంగా ఉండే చోటు ఉండాలని. మన చుట్టూ ఉన్న వేదికల్లో దాన్ని పాటించేవి తక్కువే.

ఇప్పుడు మీ ఫిల్టర్ ప్లగ్స్ సంగతి. వాటి మధ్యలో ఉండే సన్నటి రంధ్రం మామూలు శబ్దాన్ని దాదాపు అలాగే లోపలికి వదులుతుంది. తూటా పేలినప్పుడు గాలి ఒత్తిడి ఒక్కసారిగా ఎగసి ఆ రంధ్రంలో సుడులు తిరుగుతుంది, అప్పుడే అది అడ్డుకోవడం మొదలుపెడుతుంది. మోత ఎంత ఎత్తైతే అంత ఎక్కువ ఆపుతుంది. వేటలో పక్కవాడి మాట, ఆకుల అలికిడి వినాలి కాబట్టి ఆ ఏర్పాటు బాగుంటుంది. బ్యాండ్ మాత్రం 100 డెసిబెల్స్ దగ్గర ఆగకుండా సాగుతుంది. ఆ ఎత్తుకి ఫిల్టర్ మేలుకోదు, తలుపు తెరిచే ఉంటుంది. మీరు ప్లగ్స్ పెట్టుకున్నాననే ధైర్యంతో స్టేజీకి ఇంకా దగ్గరగా వెళ్లి ఉంటారు కూడా.

దీనికి సరిగ్గా తలకిందులు సంగీతం కోసం చేసిన ప్లగ్స్. మామూలు ఫోమ్ ప్లగ్స్ పై స్థాయి ధ్వనుల్ని ఎక్కువగా, కింది స్థాయివాటిని తక్కువగా ఆపుతాయి. దానివల్ల పాట దుప్పటి కప్పుకుని విన్నట్టు ఉంటుంది. జనం వాటిని పీకి జేబులో వేసుకోవడానికి కారణం అదే. సంగీతం ప్లగ్స్ అన్ని స్థాయిల్నీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి, కాబట్టి పాట పాటలాగే ఉంటుంది, వాల్యూమ్ మాత్రమే తగ్గుతుంది. ఈ దారి వేసింది ఎటిమోటిక్ సంస్థ పెట్టిన మీడ్ కిలియన్. 1988లో వాళ్లు తెచ్చిన ఈఆర్-15 ఫిల్టర్‌ని సంగీతకారులు ఈనాటికీ వాడుతున్నారు. అది తగ్గించేది 15 డెసిబెల్స్. 100 డెసిబెల్స్ బ్యాండ్ 85కి దిగుతుంది, 3 గంటలు హాయిగా వినొచ్చు. అవే పెట్టుకుని 160 డెసిబెల్స్ పిస్టల్ పేలిస్తే 145 లోపలికి వెళ్తుంది. అందుకే అవి రేంజ్‌కి పనికిరావు.

కాబట్టి రెండు జతలు కావాలి. రేంజ్ సంగతి ముందు చెబుతాను, అక్కడ తప్పు చేస్తే దిద్దుకునే అవకాశం ఉండదు.

రేంజ్‌కి నా సిఫార్సు లోపల ఫోమ్ ప్లగ్, పైన ఇయర్‌మఫ్, రెండూ. ఇండోర్ రేంజ్ అయితే దీనికి మినహాయింపే లేదు. అక్కడ గోడలూ కప్పూ ప్రతి పేలుడునీ తిప్పికొడతాయి, పక్క లేన్‌లో ఎవరు ఏం పేలుస్తారో మీ చేతిలో ఉండదు. డబ్బా మీద రాసే ఎన్ఆర్ఆర్ అంకెను, అంటే ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే అంకెను, చూసి రెండింటినీ కూడేయకండి. 33 ప్లగ్, 22 మఫ్ కలిపితే 55 రాదు. రెండింట్లో పెద్ద అంకెకి ఓ 5 కలుపుకోవాలి, అంతే. ఆ అంకె కూడా ప్రయోగశాలలో, తర్ఫీదు ఇచ్చిన చేతులు పెట్టినప్పుడు వచ్చేది. మామూలుగా వాడేవాళ్లకి ఫోమ్ ప్లగ్స్ విషయంలో దాన్ని సగానికి తగ్గించి చూడమని నియోష్ చెబుతుంది. మఫ్స్‌కి పావు వంతు తగ్గిస్తుంది. కళ్లద్దాల కాడలు మఫ్ మెత్తను పైకి లేపితే ఇంకా పోతుంది, కాబట్టి సన్నటి కాడలున్న షూటింగ్ అద్దాలు వాడండి.

ఫోమ్ ప్లగ్ పెట్టడం ఎవరూ నేర్పరు, అదే బాధ. వేళ్ల మధ్య సన్నగా, ముడతలు లేకుండా చుట్టండి. రెండో చేతిని తల వెనక నుంచి తిప్పి చెవి పైభాగం పట్టుకుని పైకీ వెనక్కీ లాగండి. అప్పుడు చెవి దారి నిటారవుతుంది. ప్లగ్ లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోండి. అద్దంలో ఎదురుగా చూసుకుంటే ప్లగ్ కొస బయటికి పొడుచుకొచ్చి కనిపించకూడదు. మీ గొంతు మీకే లోపలినుంచి బొంగురుగా వినిపిస్తే కుదిరినట్టే. చెవిలో సరిగ్గా కుదరడం ఎంత ముఖ్యమో ఒక పెద్ద కేసు చూస్తే తెలుస్తుంది. అమెరికా సైన్యం వాడిన 3ఎం కంపెనీ కంబాట్ ఆర్మ్స్ ప్లగ్స్ మీద ఉన్న ఆరోపణ, అవి పొట్టిగా ఉండి పెట్టుకున్నవాడికి తెలియకుండానే వదులవుతాయని. 2018లో ఆ కంపెనీ ప్రభుత్వానికి 91 లక్షల డాలర్లు కట్టింది. తర్వాత సైనికులూ మాజీ సైనికులూ వేసిన దావాల మీద 2023లో 601 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చింది. అవి కూడా మీరు వాడిన కోవకే చెందినవి, ఒక కొస తూటా మోతకు మాత్రమే పనిచేసే ఫిల్టర్.

ఎలక్ట్రానిక్ మఫ్స్ మంచివే. మైకులోంచి మామూలు మాటలు వినిపిస్తాయి, పేలుడు రాగానే ఆ మైకు అణిగిపోతుంది. రేంజ్ ఆఫీసర్ ఆదేశాలు వినిపించాలి కాబట్టి కొత్తవాళ్లకి ఇవే ఇప్పిస్తాను, లోపల ఫోమ్ పెట్టి, మఫ్ వాల్యూమ్ కాస్త పెంచి. కచేరీలో మాత్రం అవి వద్దు. చెవిని కాపాడతాయి గానీ డ్రమ్ పడ్డప్పుడల్లా ధ్వనిని నొక్కేసి పాటను ముక్కలు చేస్తాయి.

తుపాకీ మూతికి బిగించి మోత తగ్గించే గొట్టం, సప్రెసర్, గురించి మీరు అడగలేదు, కానీ షూటర్ల మధ్య తిరుగుతుంటే ఎవరో ఒకరు తప్పక చెబుతారు. హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన తండ్రే మెషిన్‌గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్, ఆ మోతల మధ్య బతికి చివరికి చెవుడు తెచ్చుకున్న మనిషి. 1934 చట్టం సప్రెసర్ మీద 200 డాలర్ల పన్ను వేసింది, 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది, రిజిస్ట్రేషన్ మాత్రం ఉంది. సినిమాల్లో చూపించినట్టు అది ఉఫ్‌మని ఊదదు. 20 నుంచి 35 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుంది, అంటే చాలా తుపాకులు 130కి అటూ ఇటూ దిగుతాయి. మేలే, కానీ సప్రెసర్ ఉందని ప్లగ్స్ తీసేయడం సరికాదు.

ఇండోర్ రేంజ్‌లో ఇంకో విషయం ఉంది, దీన్ని చాలామంది వినివుండరు. సీసం ధూళి. రక్తంలోకి వెళ్లిన సీసం వినికిడి నరాల మీదా ప్రభావం చూపుతుంది. మోతా సీసమూ కలిసినప్పుడు నష్టం పెరుగుతుందని ఓషా, నియోష్ 2018లో కలిసి హెచ్చరించాయి. రేంజ్ నుంచి రాగానే చేతులూ ముఖమూ చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కోండి, ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకండి.

ఇక సాయంత్రం బ్యాండ్. సంగీతం కోసం అమ్మే రెడీమేడ్ ప్లగ్స్ 20 నుంచి 40 డాలర్లలో దొరుకుతాయి. నెలకి రెండు మూడు కచేరీలకు వెళ్లే అలవాటుంటే ఆడియాలజిస్ట్ దగ్గర చెవి అచ్చు తీయించుకుని చేయించుకోండి. 200 డాలర్ల అటూ ఇటూ అవుతుంది, ఏళ్ల తరబడి వస్తాయి. వీటి ఫలితం గురించి నాకు నచ్చిన అధ్యయనం ఒకటి నెదర్లాండ్స్‌ది, 2016లో వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆరుబయట సంగీతోత్సవానికి 51 మందిని పంపారు. చీటీ వేసినట్టు సగం మందికి ప్లగ్స్ ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. 100 డెసిబెల్స్ సగటున నాలుగున్నర గంటలు. ప్లగ్స్ లేనివాళ్ల చెవుల్లో 42 శాతానికి తాత్కాలికంగా వినికిడి తగ్గింది, ఉన్నవాళ్లలో 8 శాతానికి. హోరు లేనివాళ్లలో 40 శాతం మందికీ, ఉన్నవాళ్లలో 12 శాతం మందికీ వచ్చింది. ఒక్క మధ్యాహ్నం, ఇంత తేడా.

ఎక్కడ నిలబడాలన్నది కూడా చూసుకోండి. ఒక స్పీకర్ నుంచి దూరం రెట్టింపయితే ఆరుబయట 6 డెసిబెల్స్ తగ్గాలి. కానీ 1990ల నుంచి పెద్ద వేదికలు అరటిగెలలా నిలువుగా వేలాడదీసే లైన్ అర్రేలకు మారాయి. వాటి ఉద్దేశమే వెనక వరసకీ అదే మోత చేర్చడం. దగ్గరి క్షేత్రంలో దూరం రెట్టింపైనా 3 డెసిబెల్సే తగ్గుతుంది. కాబట్టి వెనక్కి వెళ్లాను కదా అని నిశ్చింతగా ఉండకండి. స్టేజీ ముందు కంచె దగ్గర కింద సబ్‌వూఫర్లు పేర్చి ఉంటాయి, అది అన్నిటికన్నా చెడ్డ చోటు. సౌండ్ ఇంజనీర్ బల్ల దగ్గర నిలబడితే ధ్వని బాగుంటుంది, ఎందుకంటే ఆయన మిక్స్ చేసేది ఆ చోటి నుంచి విని. గ్రూన్ హాల్ లాంటి 1878 నాటి చిన్న చెక్క హాల్లో ఎక్కడ నిలబడ్డా బ్యాండ్ పక్కనే ఉన్నట్టు లెక్క. ఫోర్ట్‌వర్త్‌లో బిల్లీ బాబ్స్ అంత పెద్ద చోట అయితే తిరగడానికి జాగా ఉంటుంది.

మీ క్లే షూట్ రోజు లెక్క వేద్దాం. ఒక రౌండు స్పోర్టింగ్ క్లేస్ అంటే 100 టార్గెట్లు. మీ జట్టులో అయిదారుగురు. మీరు పేల్చినవి కాక, మీ వంతు రాకముందూ అయ్యాకా పక్కన నిలబడి విన్నవి అంతకు కొన్ని రెట్లు. చాలామంది తమ వంతు అయిపోగానే ప్లగ్స్ తీసి కబుర్లు చెబుతారు, ఈలోగా పక్క స్టేషన్‌లో పేలుతూనే ఉంటాయి. అలా మధ్యాహ్నానికే అలిసిపోయిన చెవికి కోలుకోవడానికి గంటలు కాదు, ఒక రాత్రి, ఒక్కోసారి రెండు రాత్రులు పడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా సాయంత్రం బ్యాండ్ ముందుకి తీసుకెళ్లారు. దెబ్బ మీద దెబ్బ పడింది. ఇలాంటి కార్యక్రమాలు మానుకోమని చెప్పను, నేనూ వెళ్తాను. వేలంపాటా భోజనాలూ పాటలూ అన్నీ కలిసి ఒక ఆసుపత్రికో స్కూలుకో డబ్బు పోగవుతుంది, కొత్త స్నేహాలు కలుస్తాయి. పొద్దున డబుల్ రక్షణ, మధ్యాహ్నం కాసేపు కారులో నిశ్శబ్దంగా కూర్చోవడం, సాయంత్రం సంగీతం ప్లగ్స్. ఈ మూడూ చేస్తే చాలు.

వచ్చిన చిక్కంతా అలవాటుది. షూటింగ్ లైన్‌లో చెవికి రక్షణ లేకుండా నిలబడితే ఎవరైనా వెంటనే కేకేస్తారు, అక్కడ అది నియమం. అదే మనిషి రాత్రి బ్యాండ్ దగ్గర ప్లగ్స్ పెట్టుకుంటే వింతగా చూస్తారు. రాక్ ప్రపంచానికి ఈ విషయం ఆలస్యంగానైనా తెలిసింది. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సంగీతకారుల వినికిడి కోసం హియర్ అనే సంస్థ పుట్టింది, చెవులు దెబ్బతిన్న ది హూ బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ దానికి డబ్బు ఇచ్చారు. తుపాకీ ప్రపంచానికీ సంగీతానికీ మధ్య నిలబడ్డ మనిషి కావాలంటే టెడ్ న్యూజెంట్ ఉన్నారు. రాక్ గిటారిస్ట్, వేటగాడు, తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ బోర్డులో పాతికేళ్లు ఉన్నవాడు. ఒక చెవి బాగా దెబ్బతిందని ఆయనే చెప్పుకున్నారు. ఈ రెండు లోకాల్నీ ప్రేమించేవాళ్ల చెవులు రెండు వైపుల నుంచీ అరుగుతాయి, అందుకే వీళ్ల గురించి నాకు ఎక్కువ బెంగ.

టెక్సస్‌లో తుపాకీ సంస్కృతి, కంట్రీ మ్యూజిక్ పక్కపక్కనే పెరిగాయి. రైఫిల్ అసోసియేషన్ వార్షిక సభలో కచేరీ ఒక ముఖ్య ఘట్టం. ఆ బంధం ఎప్పుడూ సాఫీగా లేదు. 2022 మేలో ఉవాల్డే స్కూల్లో కాల్పులు జరిగిన కొద్ది రోజులకే హ్యూస్టన్‌లో వాళ్ల సభ ఉంది. డాన్ మెక్లీన్, లీ గ్రీన్‌వుడ్, లారీ గాట్లిన్, లారీ స్టూవర్ట్ అందులో పాడబోమని తప్పుకున్నారు. అంతకు ముందు 2017 అక్టోబర్ 1న లాస్ వేగస్‌లో రూట్ 91 హార్వెస్ట్ కంట్రీ సంగీతోత్సవం మీద హోటల్ కిటికీలోంచి కాల్పులు జరిగి 60 మంది చనిపోయారు. ఆ వేదిక మీద ముందు వాయించిన జోష్ అబాట్ బ్యాండ్ గిటారిస్ట్ కేలెబ్ కీటర్ మర్నాడు రాసిన మాటలు ఈ సమాజంలో చాలామందిని కదిలించాయి. తాను జీవితమంతా ఆయుధ హక్కుల వైపే ఉన్నానని, తమ సిబ్బందిలో లైసెన్సులూ బస్సులో తుపాకులూ ఉన్నా అవి ఎందుకూ పనికిరాలేదని, పోలీసులు తమనే దుండగులనుకునే ప్రమాదం ఉండటంతో వాటిని ముట్టుకోలేకపోయామని ఆయన రాశారు.

మీ తుపాకీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. కచేరీకి తీసుకెళ్లకండి. టెక్సస్‌లో 2021 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టం ప్రకారం అర్హత ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు, నిజమే. కానీ ఎర్రటి 51 అంకె ఉన్న బోర్డు కనిపిస్తే, అంటే ఆదాయంలో సగానికి పైగా అక్కడ తాగే మద్యం నుంచే వచ్చే చోటైతే, లైసెన్సున్నా తీసుకెళ్లకూడదు. లైవ్ బ్యాండ్ ఉండే చాలా హాళ్లు ఆ కోవలోవే. మిగతా వేదికలు తుపాకులు వద్దని తమ బోర్డులు పెడతాయి, గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. కారులో వదిలి వెళ్లడమూ మంచిది కాదు, ఈ దేశంలో దొంగల చేతికి తుపాకులు చేరే ముఖ్యమైన దారి పార్క్ చేసిన కార్లు. ఇంట్లో సేఫ్‌లో పెట్టి, రేంజ్ ఇంకో రోజు పెట్టుకోండి.

వేగస్ తర్వాత షూటర్లలో ఒక మాట తరచు వింటున్నాను, చెవులు మూసుకుంటే ప్రమాదం వినపడదని. అక్కడ కూడా చాలామంది మొదటి పేలుళ్లను టపాసులనుకున్నారు, ప్లగ్స్ లేకుండానే. ఇక మాటల సంగతికొస్తే, 90 డెసిబెల్స్ దాటిన మోతలో వినికిడి బాగున్నవాడికి ప్లగ్స్ పెట్టుకుంటేనే పక్కవాడి మాట కాస్త స్పష్టంగా తెలుస్తుంది, చెవి మీద భారం తగ్గుతుంది కాబట్టి. ఓసారి సంగీతం ప్లగ్స్‌తో ప్రయత్నించి చూడండి, మీకే అనుభవంలోకి వస్తుంది. అన్నిటికంటే ఉపయోగపడేది లోపలికి వెళ్లగానే బయటికి దారులు ఎక్కడున్నాయో చూసిపెట్టుకోవడం.

మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి షూటింగ్ విషయంలో చిక్కు లేదు. ఇది చదివే హెచ్1బీ, ఎఫ్1 వాళ్ల కోసం ఒక మాట. వలసేతర వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. స్నేహితుడితో రేంజ్‌కి వెళ్లి అద్దెకి తీసుకుని పేల్చినా అది వర్తిస్తుంది. ముఖ్యమైన మినహాయింపు చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. రేంజ్‌లో ఎవరూ అడగలేదని ధీమాగా ఉండి సోషల్ మీడియాలో ఫోటోలు పెట్టే పిల్లల్ని చూస్తే భయమేస్తుంది. న్యాయవాదిని అడక్కుండా ఆ పని చేయకండి.

ఈ జాగ్రత్త కంట్రీ బ్యాండ్లకే అనుకోవద్దు. తానా, ఆటా సభల్లో సంగీత విభావరి అయినా, హోటల్ బాల్‌రూంలో పెళ్లి సంగీత్ అయినా, తీన్‌మార్ మొదలయ్యాక మోత ఏ రాక్ కచేరీకీ తీసిపోదు. బాల్‌రూం కప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి ఒక్కోసారి ఎక్కువే. పిల్లలకి, ముఖ్యంగా పసివాళ్లకి, చెవి దారి చిన్నది, ప్లగ్స్ కుదరవు. వాళ్లకి చిన్న సైజు ఇయర్‌మఫ్స్ కొనండి. మీ క్లే షూట్ భోజనాల దగ్గర కూడా కుటుంబాలు వచ్చే ఉంటాయి.

మోత వల్ల వినికిడి ముందుగా దెబ్బతినేది 3 వేల నుంచి 6 వేల హెర్ట్జ్ మధ్య, ఎక్కువమందికి 4 వేల దగ్గర. వినికిడి పరీక్షలో గీసే గ్రాఫు, ఆడియోగ్రామ్‌లో, అక్కడ ఒక లోయ కనిపిస్తుంది. ఆ చోటే స, శ, చ, థ, ఫ లాంటి హల్లులకి జీవం. కాబట్టి మనిషికి మాట వినిపిస్తూనే ఉంటుంది, ఏమన్నారో తెలియదు. పాటలో రాగం అందుతుంది, సాహిత్యం జారిపోతుంది. భజనలో తాళాల మెరుపు, వయొలిన్ పై స్థాయిలో ఉండే నిగారింపు పోతాయి. సంగీతం మీద ప్రేమతో కచేరీలకు వెళ్లేవాళ్లకి జరగకూడనిది ఇదే. పోయిన కణాలు మనుషుల్లో మళ్లీ పుట్టవు. హార్వర్డ్ పరిశోధకులు కుజావా, లిబర్‌మన్ 2009లో ఎలుకల్లో ఇంకో సంగతి చూపించారు. తాత్కాలికంగా తగ్గిన వినికిడి పరీక్షలో పూర్తిగా తిరిగొచ్చినట్టు కనిపించినా, కణాలకీ నరానికీ మధ్య ఉండే లంకెలు చాలా శాశ్వతంగా తెగిపోయి ఉన్నాయి. కాబట్టి హోరు తగ్గింది కదా, ఏమీ కాలేదులే అనుకోకండి.

ఇప్పుడు మీరు చేయవలసింది. మొదట ఒక వారం రేంజూ కచేరీలూ హెడ్‌ఫోన్ల మోతా అన్నీ ఆపండి. హోరు రోజురోజుకీ తగ్గుతూ రెండు మూడు రోజుల్లో పోతే సరే. అలాగే ఉన్నా, ఒక చెవి మూసుకుపోయినట్టున్నా, మాట వినడంలో తేడా తెలిసినా, కళ్లు తిరిగినా వెంటనే ఈఎన్టీ దగ్గరికి వెళ్లండి. అకస్మాత్తుగా తగ్గిన వినికిడికి స్టెరాయిడ్లు ఇస్తారు, అవి మొదటి రెండు వారాల్లోనే, ఎంత త్వరగా అయితే అంత మేలు. అపాయింట్‌మెంటు నెల తర్వాత ఇస్తే ఒప్పుకోకండి, అకస్మాత్తుగా వినికిడి తగ్గిందని స్పష్టంగా చెప్పండి, ముందుకి జరుపుతారు. తలనొప్పికి ఆస్పిరిన్ ఎక్కువ మోతాదులో వేసుకోకండి, అది హోరును పెంచగలదు.

హోరు పోయినా పోకున్నా ఈ నెలలోనే ఒక పూర్తి పరీక్ష చేయించుకోండి. కొన్నిచోట్ల 1, 2, 4, 8 వేల హెర్ట్జ్ చూసి ముగించేస్తారు. 3 వేలు, 6 వేలు కూడా చూడమని అడగండి. షూటింగ్ చేస్తారని, కుడి భుజం మీద పెట్టి కాలుస్తారో ఎడమ భుజమో కూడా చెప్పండి. కుడివాటం షూటర్‌కి ఎడమ చెవి తుపాకీ మూతివైపు ఉంటుంది, కుడి చెవి తల నీడలో ఉంటుంది. అందుకని ఎడమవైపు ఎక్కువ తగ్గుతుంది. ఈ సంగతి చెప్పకపోతే రెండు చెవుల మధ్య తేడా చూసి డాక్టరు వేరే జబ్బుల కోసం వెతకాల్సి వస్తుంది. చెప్పాక కూడా స్కాన్ చేయించమంటే చేయించుకోండి. ఆ ఆడియోగ్రామ్ కాపీ అడిగి తీసుకుని దాచుకోండి, వచ్చే ఏడాది పరీక్షని దానితోనే పోల్చాలి. రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను.